హైదరాబాద్‌లో నాష్పాతి చెట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరంలో నర్సరీ మేళా జరిగిన ప్రతిసారీ ఇవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి. మొక్క తెచ్చేశాం, ఎప్పుడు కాస్తుందని కొందరు అడుగుతారు. అసలు తేవాలా వద్దా అని ఇంకొందరు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. ఇక్కడ నాష్పాతి అంటే ఆసియా రకం బేరిపండు: గుండ్రంగా ఉండి, ఆపిల్‌లా కరకరలాడుతూ, కొరికితే నీళ్లు కారేది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు చాలు.

## కొనే ముందు

హైదరాబాద్‌లో నాష్పాతి బతుకుతుందా? కాయలు కాస్తుందా?

బతుకుతుంది. కాయడమే అనుమానం. ఇది చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. ఆ నిద్ర సరిగ్గా పూర్తయితేనే మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. దానికి 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలి కొన్ని వందల గంటలు తగలాలి. నర్సరీల వాళ్లు జపాన్ రకాలకు మామూలుగా 300 నుంచి 450 గంటలు అని రాస్తారు, కొన్నిటికి ఇంకా ఎక్కువే కావాలి. మన దగ్గర జనవరిలో కూడా రాత్రి సగటున 14, 15 డిగ్రీలే. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో ఒక్కోసారి పదికి దిగువకు పడినా, 7 కన్నా తక్కువ ఉండే గంటలు దాదాపు ఉండవు. పైగా మధ్యాహ్నం 28, 29 డిగ్రీల ఎండ రాత్రి పడ్డ కాస్త చలిని కూడా చెరిపేస్తుంది. కాబట్టి చెట్టు కోసం, ఆకు కోసం, సరదా కోసం పెట్టుకుంటామంటే పెట్టుకోండి. ఇంటికి సరిపడా పండ్లు వస్తాయని మాత్రం లెక్క వేసుకోవద్దు.

పంజాబ్‌లో 45 డిగ్రీల ఎండలోనూ కాస్తోంది కదా, మన దగ్గర ఎందుకు కాయదు?

ఎండ సమస్య కాదనడానికి పంజాబే సాక్ష్యం. అమృత్‌సర్ చుట్టుపక్కల పత్తర్‌నాఖ్ అనే ఆసియా రకం ఏళ్ల తరబడి తోటలుగా ఉంది. కానీ అక్కడ జనవరి రాత్రులు మూడు, నాలుగు డిగ్రీలకు దిగుతాయి. పొగమంచు పట్టి పగలు కూడా వేడెక్కదు. ఎండాకాలం చూస్తే మనకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా చలికాలంలోనే ఉంది.

ఆసిఫాబాద్‌లో ఆపిల్ కాసిందట. మరి నాష్పాతి ఎందుకు కాయకూడదు?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఆపిల్ కాసిన మాట నిజమే. అక్కడ రెండు కలిసొచ్చాయి. మొదటిది రకం. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనేది హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో, తక్కువ ఎత్తు కొండల్లో హరిమన్ శర్మ ఎంపిక చేసిన ఆపిల్, తక్కువ చలితో సరిపెట్టుకుంటుంది. రెండోది ఊరు. సిర్పూర్(యు), గిన్నెధరి వైపు చలికాలం ఉష్ణోగ్రతలు పేపర్లో చూసేవాళ్లకు ఆ ప్రాంతం ఎంత చల్లగా ఉంటుందో తెలుసు. హైదరాబాద్‌కు ఆ చలి లేదు. ఆపిల్, నాష్పాతి బంధువులే అయినా ఒకదానికి పనికొచ్చింది రెండోదానికి పనికొస్తుందని లేదు. నాష్పాతి మీద నిజంగా ప్రయోగం చేయాలనుకునే తెలుగువాళ్లకు ఆదిలాబాద్ ఏజెన్సీ గానీ, ఏపీలో చింతపల్లి, లంబసింగి వైపు గానీ భూమి ఉంటే అక్కడ అవకాశం మెరుగు.

ఏ రకం అడగాలి?

పత్తర్‌నాఖ్ అడగండి. మన దేశంలో దొరికే ఆసియా రకాల్లో తక్కువ చలితో నెట్టుకొచ్చేది ఇదే. కాయ గట్టిగా, కాస్త గరుకుగా ఉంటుంది. పంజాబ్ బ్యూటీ, పంజాబ్ నెక్టార్ లాంటివి ఆసియా, యూరప్ రకాల కలయిక నుంచి వచ్చాయి, పండాక మెత్తబడతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో తక్కువ చలికి పేరుపడ్డ ఫ్లోర్డాహోమ్, హుడ్ ఉన్నాయి గానీ మన నర్సరీల్లో అసలైనవి దొరకడం కష్టం. హొసుయి, నిజిసెయికి లాంటి జపాన్ రకాల పేర్లు విని మోజుపడి హైదరాబాద్ కోసం మాత్రం కొనకండి.

ఆన్‌లైన్‌లో "ఏడాది పొడవునా కాసే కొరియన్ పియర్" అని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

వద్దు. ఏడాది పొడవునా కాసే నాష్పాతి ఎక్కడా లేదు. ఫొటోలో మూరెడు మొక్కకు పది కాయలు వేలాడుతుంటే ఆ కాయల తొడిమల దగ్గర బాగా చూడండి, కట్టిన దారం కనబడినా ఆశ్చర్యం లేదు. అమ్మేవాళ్లను మూడు అడగండి: రకం పేరేమిటి, అంటు మొక్కా గింజ మొక్కా, ఏ వేరుమూలం (అంటుకు కింద వేర్లనిచ్చే మొక్క) మీద కట్టారు. మన దేశంలో ఎక్కువగా కైంత్ అనే అడవి బేరి మీద కడతారు. ఈ మూడింటికి జవాబు రాకపోతే డబ్బు దాచుకోండి.

తిన్న పండులోని గింజ నాటితే వస్తుందా?

మొలుస్తుంది. గింజ కడిగి, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ తర్వాత కుండీలో వేస్తే మొలకెత్తుతుంది. కానీ తల్లి పండు లాంటి పండు రాదు, కాపుకు చాలా ఏళ్లు పడుతుంది. పిల్లలకు చూపించడానికి మంచి పని, పండ్ల కోసం కాదు.

అదృష్టం ఉంటే గింజ మొక్క చరిత్ర సృష్టిస్తుంది కూడా. జపాన్‌లో పేరుమోసిన నిజిసెయికి రకం 1888లో మత్సుదో అనే ఊళ్లో, ఒక ఇంటి చెత్తకుప్పలో తనంతట తాను మొలిచిన మొక్క. పదమూడేళ్ల కుర్రాడు దాన్ని తెచ్చి నాటుకున్నాడు. అలాంటివి నూటికో కోటికో ఒకటి.

ఒక్క మొక్క చాలా, జత కావాలా?

ఆసియా బేరిలో చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయవు. అదే సమయంలో పూసే వేరే రకం దగ్గర్లో ఉండాలి. ఒకే రకం రెండు మొక్కలు పెడితే ప్రయోజనం లేదు, అంటు మొక్కలు రెండూ ఒకే చెట్టు కింద లెక్క. చోటు తక్కువైతే ఒకే చెట్టు మీద రెండో రకం కొమ్మ అంటు కట్టించుకోవచ్చు.

## నాటేటప్పుడు

ఏ నెలలో నాటాలి?

ఉత్తరాదిలో ఆకు రాలిన మొక్కను, వేర్లకు మట్టి లేకుండా, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు నాటుతారు. పార్సిల్‌లో అలాంటి ఎండుపుల్ల వస్తే చచ్చిపోయిందని పారేయకండి. గోరుతో బెరడు కాస్త గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వేర్లను కొన్ని గంటలు నీళ్లలో ఉంచి ఆ రోజే నాటండి. కవర్లో పెరిగిన మొక్క అయితే తొలకరి పడ్డాక, జూన్ చివర్లోనో జులైలోనో నాటడం మేలు. అంటు కట్టిన చోటు మట్టికి బెత్తెడు పైన ఉండాలి.

మాది నల్లరేగడి. గుంతలో ఎర్రమట్టి నింపితే సరిపోతుందా?

అదొక్కటే చేస్తే వానాకాలంలో ఆ గుంత తొట్టిలా మారి చుట్టూ ఉన్న నీరంతా అందులోకే దిగుతుంది. ఆపిల్ కన్నా బేరి తడిని కాస్త తట్టుకుంటుంది గానీ నిలవ నీటిని కాదు. రేగడి అయితే గుంత కన్నా దిబ్బ మంచిది: అడుగున్నర ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఎర్ర చెల్క నేల అయితే రెండు, మూడడుగుల గుంత తీసి, తీసిన మట్టికే మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపితే చాలు. కొత్తగా ఇల్లు కట్టిన చోట మట్టిలో సిమెంటు, సున్నం ముక్కలు ఉంటాయి. వాటిని ఏరకుండా నాటితే తర్వాత ఆకులు పసుపెక్కుతాయి.

మేడ మీద డ్రమ్ములో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ము కనీసం కావాలి. ప్లాస్టిక్ డ్రమ్ము ఎండ వైపు గోనెసంచి చుట్టండి, లేకపోతే మేలో వేర్లు ఉడికిపోతాయి. మట్టి, నీరు కలిపి బరువు బాగా ఉంటుంది కాబట్టి స్లాబు మధ్యలో కాకుండా దూలం మీదుగా, గోడ వారగా పెట్టండి. డ్రమ్ము కింద ఇటుకలు పెడితే నీరు పోయే దారి ఉంటుంది, లీకేజీ టెన్షన్ తగ్గుతుంది.

## పెంచేటప్పుడు

ఏప్రిల్, మేలో ఆకుల అంచులు మాడిపోతున్నాయి. చెట్టు చచ్చిపోతుందా?

అంచులు మాడినంత మాత్రాన చావదు. వేడిగాలికి ఆకు నుంచి పోయే నీరు, వేర్లు అందించే నీటి కన్నా ఎక్కువైనప్పుడు అలా అవుతుంది. మొదటి రెండు ఎండాకాలాలు 50 శాతం షేడ్‌నెట్ పడమర వైపు కట్టండి. పాదులో ఎండాకులో కొబ్బరిపీచో అరచేయి మందాన పరవండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. కాండానికి సున్నం పూస్తే బెరడు పగలదు.

బోరు నీళ్లు పోస్తున్నాం. ఆర్వో నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు కూడా పోయొచ్చా?

ఆర్వో వేస్ట్ నీళ్లు పోయకండి. మెషిన్ తీసేసిన ఉప్పులన్నీ అందులోనే ఉంటాయి, బేరి జాతికి ఉప్పు పడదు. వాటితో ఇల్లు తుడుచుకోండి. నగరంలో చాలాచోట్ల బోరు నీటిలోనే ఉప్పులు, సున్నం ఎక్కువగా ఉంటాయి. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే మీదీ అదే. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే రోజున వాటితో ఒకసారి బాగా తడపండి. వాన నీరు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఏ ఎరువు వేయాలి?

అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై వేర్లు దాన్ని తీసుకోలేక. యూరియా వేస్తే లాభం లేదు. చెలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలోని ఇనుము) ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చబడుతుంది. అసలు మందు మాత్రం మట్టిలో సేంద్రియ ఎరువు పెంచడమే.

ఎరువులు ఎప్పుడు, ఎంత?

జూన్‌లో ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. సెప్టెంబర్‌లో కాస్త వర్మీకంపోస్ట్. అక్టోబర్ తర్వాత ఏమీ వేయకండి, చెట్టు విశ్రాంతి తీసుకోవాల్సిన కాలం అది.

కత్తిరింపులు ఎలా చేయాలి?

డిసెంబర్, జనవరిలో, తేలిగ్గా. ఎండిన కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, అంటు కింద నుంచి వచ్చే పిలకలు తీసేయండి. ఈ చెట్టు నిటారుగా ఆకాశానికి పోయే రకం, నిటారు కొమ్మకు ఆకే తప్ప పువ్వు తక్కువ. అందుకే లేత కొమ్మలను తాడు కట్టి పక్కకు వంచాలి. అలా వంచిన కొమ్మల మీద బెరడు ముడతలతో ఉండే కురచ ముళ్లలాంటి పుల్లలు వస్తాయి. పూత వాటి మీదే, ఏళ్ల తరబడి వస్తుంది. అవి ఎండుపుల్లల్లా కనబడతాయి కాబట్టి తోటమాలి చేతికి కత్తెర ఇచ్చి లోపలికి వెళ్లిపోకండి.

పురుగులు, తెగుళ్లు?

హైదరాబాద్‌లో ఎక్కువగా పిండినల్లి, చెద, కాండం తొలిచే పురుగు. పిండినల్లికి నీళ్లు గట్టిగా కొట్టి, వేపనూనె సబ్బు నీళ్లలో కలిపి చల్లండి. కాండం మీద రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే రంధ్రం వెతికి, ఇనుప తీగతో పురుగును లాగేసి మట్టితో మూసేయండి.

## పూత, కాపు

అయిదేళ్లయింది, చెట్టు నిగనిగలాడుతోంది, పూతే లేదు. ఎందుకు?

చలి చాలకపోవడమే మొదటి అనుమానం. గుర్తుపట్టడం సులువు: డిసెంబర్‌లో ఆకులు పూర్తిగా రాలవు, ఫిబ్రవరిలో కొమ్మ కొసలు మాత్రమే చిగురిస్తాయి, మధ్యలో మొగ్గలు కదలకుండా బోసిగా ఉండిపోతాయి. రెండో కారణం నత్రజని, నీళ్లు ఎక్కువ కావడం. నవంబర్ నుంచి నీరు బాగా తగ్గించి చూడండి. నీడలో ఉన్నా పూత రాదు, రోజుకు ఆరు గంటల ఎండ కావాలి.

చెట్టు మొదలు దగ్గర ఐస్ గడ్డలు వేస్తే చలి తగులుతుందట, నిజమేనా?

నిజం కాదు. చలి లెక్క మొగ్గలది, వేర్లది కాదు. మొదలు దగ్గర పోసిన ఐస్ పది అడుగుల పైనున్న మొగ్గకు ఏం తెలుస్తుంది? వేర్లు దెబ్బతినడం మాత్రం ఖాయం.

ఆకులు దూసేస్తే పూస్తుందా?

ఇది ఉత్తుత్తి మాట కాదు. ఇండోనేషియాలో తూర్పు జావాలోని బతు, మలాంగ్ ప్రాంతంలో చలికాలమే లేకపోయినా ఆపిల్ కాయిస్తారు. కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసి, చెట్టు గాఢ నిద్రలోకి జారకముందే మళ్లీ చిగురింపజేస్తారు. కానీ అది కొండ ప్రాంతం, అనువైన రకాలు, అలవాటైన చేతులు. నాష్పాతి మీద ఇంట్లో ప్రయత్నించాలంటే బాగా ఎదిగిన చెట్టు మీద, ఒక్క కొమ్మకు మాత్రమే, అక్టోబర్ చివర్లో చేసి చూడండి. చిన్న మొక్కకు ఆకులన్నీ దూస్తే చచ్చిపోతుంది.

డార్మెక్స్ అనే మందు కొడితే మొగ్గ విచ్చుకుంటుందని విన్నాం.

అందులో ఉండేది హైడ్రోజన్ సైనమైడ్. ద్రాక్ష రైతులు వాడతారు. చర్మానికి, కళ్లకు ప్రమాదకరం. అది ఒంటికి తగిలిన రోజుల్లో మద్యం తాగితే ఇంకా ప్రమాదం. కొంత చలి పడ్డ చెట్టుకు మిగతా లోటు పూడుస్తుందే తప్ప చలే లేని చోట అద్భుతాలు చేయదు. పిల్లలు తిరిగే పెరట్లో దీని జోలికి పోవద్దు.

పూత వచ్చింది గానీ పిందె నిలవలేదు.

జత రకం లేకపోవడం ఒక కారణం. తేనెటీగలు రాకపోవడం ఇంకోటి. నాష్పాతి పువ్వు చూడ్డానికి తెల్లగా ముద్దుగా ఉంటుంది గానీ చేపల వాసన వేస్తుంది, తేనెలో తీపి తక్కువ. పక్కన మునగ పూస్తుంటే ఈగలు అటే పోతాయి. మెత్తని కుంచెతో ఉదయం పూట మీరే ఒక రకం పుప్పొడి ఇంకో రకం పువ్వుకు అద్దండి. మార్చి ఎండ ముదిరాక వచ్చిన పూత ఎంత చేసినా నిలవదు.

గుత్తిగా పిందెలు పడ్డాయి. అన్నీ ఉంచాలా?

ఒక్కో గుత్తికి ఒకటే ఉంచండి. మనసొప్పదు గానీ, అన్నీ ఉంచితే అన్నీ నిమ్మకాయలంతే అవుతాయి. ఉంచినదానికి కాగితపు సంచి తొడగండి. జపాన్, కొరియా రైతులు చేసేదీ ఇదే. పండు ఈగ నుంచి, రామచిలకల నుంచి కాపాడుతుంది, తొక్క నునుపుగా వస్తుంది. కోతులకు మాత్రం సంచి అడ్డు కాదు.

కాయ ఎప్పుడు కోయాలి?

చెట్టు మీదే పండనివ్వండి. ఆకుపచ్చ వెలిసి పసుపో గోధుమ రంగో తిరిగాక, చేతిలోకి తీసుకుని పైకెత్తి మెలిపెడితే తేలిగ్గా ఊడి రావాలి. అయినా గట్టిగానే ఉంటుంది, మెత్తబడాలని చూస్తే చెడిపోతుంది.

ఎన్నేళ్లు చూసినా కాయకపోతే చెట్టు కొట్టేయాలా?

నీడకు పనికొస్తే ఉండనివ్వండి. పండ్లే కావాలి, ఉన్నది ఒకటే గుంత అంటే మొహమాటం లేకుండా జామ పెట్టుకోండి. అదే కరకర కావాలంటే ఆపిల్ రేగు. రెండూ హైదరాబాద్ ఎండలోనే ఆనందంగా కాస్తాయి.

## కొనడం, తినడం, వండడం

బజార్లో నాష్పాతి ఏ నెలల్లో మంచిది?

జులై నుంచి అక్టోబర్ వరకు. పంజాబ్ సరుకు ముందు, హిమాచల్, కశ్మీర్ సరుకు తర్వాత. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో దిగి, అక్కడి నుంచి బండ్ల మీదికి వస్తుంది. ఆ కాలం దాటాక సూపర్‌మార్కెట్లో నురగ వలలో ఉండేవి చాలావరకు దిగుమతి సరుకు. కొనేటప్పుడు బరువు చూడండి, ఒకే సైజు రెండింటిలో బరువైనదానిలో రసం ఎక్కువ. తొడిమ దగ్గర ముడత పడితే పాతది.

బబ్బుగోషా, నాష్పాతి ఒకటేనా?

కాదు. బబ్బుగోషా మెడ సాగి, పండితే వెన్నలా మెత్తబడే రకం. గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు బయట ఉంచి తినాలి. నాష్పాతి కొన్న రోజే తినొచ్చు.

కొరికితే ఇసుకలా తగులుతుంది. పాడైందా?

పాడవలేదు. ఈ పండు గుజ్జులో రాతి కణాలు అనే గట్టి కణాలు ఉంటాయి. గింజల చుట్టూ, తొక్క కిందా ఎక్కువ. తొక్క తీసి, మధ్యభాగం కాస్త ఉదారంగా కోసేస్తే తగ్గుతుంది.

ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది?

ఫ్రిజ్‌లో కాగితంలో చుట్టి పెడితే కొన్ని వారాలు. బయట వారం లోపే. తొక్క పలచన కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, తగిలిన చోటల్లా నల్లబడుతుంది.

వంటల్లో ఎలా వాడొచ్చు?

నీరు ఎక్కువ, పులుపు తక్కువ. ఈ రెండూ గుర్తుంటే ఏది కుదురుతుందో మీకే తెలుస్తుంది. కోరి, గట్టి పెరుగులో వేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే పెరుగుపచ్చడి బ్రహ్మాండంగా ఉంటుంది. కీరా వేసినట్టే నీరు ఊరుతుంది కాబట్టి తినే ముందే కలపండి. సన్నగా తరిగి, నల్లుప్పు, కారం, నిమ్మరసం చల్లితే సాయంత్రం చాట్. ఆవకాయలా పెడదామని కొందరు చూస్తారు, పులుపు లేక చప్పగా వస్తుంది, నిల్వ ఉండదు. గట్టి కాయ ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు, దండిగా నిమ్మరసం పట్టించి రెండు రోజుల్లో తినేస్తే మాత్రం బాగుంటుంది. జామ్, కేక్ లాంటివాటికి ఇది దండగ, బబ్బుగోషా మేలు.

మాంసం మెత్తబడటానికి వాడతారట?

కొరియా వాళ్లు బుల్గోగి అనే కాల్చిన మాంసం వంటకం మసాలాలో ఈ పండును ఉడికించకుండా తురిమి కలుపుతారు. అందులోని ఎంజైములు మాంసాన్ని కాస్త మెత్తబరుస్తాయి, తీపీ ఇస్తాయి. మన హైదరాబాదీ కబాబ్‌లకు పచ్చి బొప్పాయి దీనికన్నా చాలా బలంగా పనిచేస్తుంది. చికెన్, పలచగా కోసిన మటన్‌కు నాష్పాతి చాలు. మందపు ముక్కలకు బొప్పాయే.

దగ్గుకు మంచిదా?

చైనాలో పటికబెల్లం వేసి ఆవిరి మీద ఉడికించి ఇస్తారు. గొంతుకు హాయిగా ఉంటుంది, మందు మాత్రం కాదు. వారం దాటినా దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

వంద గ్రాముల్లో సుమారు 42 కేలరీలు, మూడున్నర గ్రాముల పీచు, మిగతాది చాలావరకు నీరే. కానీ పెద్దదైతే ఒక్క పండే పావు కిలో దాటుతుంది, సగం తిని ఆపండి. జ్యూస్ చేస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది. ఇందులో సార్బిటాల్ ఉంటుంది, ఒకేసారి ఎక్కువ తింటే ఎవరికైనా కడుపు కదులుతుంది.

తొక్క తీయాలా?

పీచు తొక్కలోనే ఎక్కువ కాబట్టి బాగా కడిగి తొక్కతోనే తినొచ్చు. మెరుపు కోసం మైనం పూసినట్టు జిడ్డుగా తగిలితే తీసేయండి. చిన్నపిల్లలకు తొక్క తీసి పలచటి ముక్కలే ఇవ్వండి, గట్టిది కాబట్టి గొంతుకు అడ్డం పడొచ్చు.